ఆకు పసుపెక్కితే ముందు ఏ ఆకో చూడాలి: మా మిద్దెతోటలో నా అనుభవం

మాది విజయవాడ పటమటలో అపార్ట్‌మెంట్. మిద్దె మీద మూడు కుటుంబాల వాళ్లం మొక్కలు పెంచుతున్నాం. నావి సగం కోసిన నీలం డ్రమ్ములో నిమ్మచెట్టు, పెయింట్ బకెట్లలో టమాటా, వంగ, గ్రో బ్యాగుల్లో మిరప, ఓ మూల కరివేపాకు. మొదటి ఏడాది కొత్త మట్టి, కొత్త ఎరువు కాబట్టి అన్నీ బాగానే కాశాయి. రెండో ఏడాది రోహిణీ కార్తె ఎండలు దాటేసరికి నిమ్మ పసుపెక్కింది, టమాటా కింది ఆకులు మచ్చలు పడ్డాయి, మిరప ముడుచుకుపోయింది, టమాటా కాయల అడుగున నల్లగా కుళ్లు కనిపించింది. చూసినవాళ్లందరూ ఒకే మాట అన్నారు: పోషకాల లోపం.

అక్కడి వరకూ అందరిదీ ఒకే మాట. మందు దగ్గరకొచ్చేసరికి ఎవరి దారి వారిది. మొక్కలు కొన్న నర్సరీ అతను, "మేడమ్, ఇది మైక్రో న్యూట్రియంట్ లోపం, ఈ బాటిల్ వాడండి, వారంలో పచ్చగా అవుతుంది" అన్నాడు. కింది ఫ్లాట్ ఆంటీ అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు పోయమన్నారు. మా అత్తగారు దిష్టి తగిలిందని ఓ ఎండుమిరపకాయల దండ కట్టారు. వాట్సాప్ గ్రూపులో ఒకరు ఎప్సం సాల్ట్ అన్నారు, ఇంకొకరు యూరియా అన్నారు, మరొకరు కోడిగుడ్డు పెంకులు అన్నారు. ఇవన్నీ కలిపి పోస్తే మొక్క బతుకుతుందో లేదో గానీ నాకు మాత్రం టెన్షన్ ఖాయం. పసుపు రంగు జ్వరం లాంటిది. జ్వరం ఎందుకొచ్చిందో తెలియకుండా మాత్ర మింగించినట్టే ఈ సలహాలన్నీ అనిపించాయి.

ఆకుల లోపాల గురించి వ్యవసాయం చదువుకున్నవాళ్లు మొదట అడిగే ప్రశ్న చాలా చిన్నది. పసుపు ముదురాకుల్లో మొదలైందా, లేతాకుల్లో మొదలైందా? నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్క లోపల కదలగలవు. కొరత వస్తే మొక్క పాత ఆకుల్లోంచి వాటిని లాగి కొత్త చిగురుకు పంపేస్తుంది. అందుకే ముందు కింది ఆకులు నీరసిస్తాయి. ఇనుము, కాల్షియం, బోరాన్ అలా కాదు. ఒకసారి ఆకులో చేరితే అక్కడే ఉండిపోతాయి. జింక్, మాంగనీస్ కూడా దాదాపు అంతే. వీటికి కొరత వస్తే చిగురులోనే బయటపడుతుంది. ఇది తెలిశాక అన్ని మొక్కలనూ ఒకేలా చూడటం మానేశాను. నోట్‌బుక్కు, ఫోను పట్టుకుని ఒక్కో మొక్కకూ కింది ఆకు ఫోటో, మధ్య ఆకు ఫోటో, చిగురు ఫోటో తీశాను. ఉదయం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీస్తే ఈనెలు స్పష్టంగా కనిపిస్తాయి. మధ్యాహ్నం తీసిన ఫోటోల్లో ప్రతి మొక్కా జబ్బు మొక్కలాగే ఉంటుంది.

ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే, అందరూ ఒక్కటే అన్న జబ్బు నాలుగు రకాలుగా కనిపించింది. నిమ్మలో ముదురాకులు నిక్షేపంగా ఉన్నాయి. చిగురు మాత్రం నిమ్మపండు రంగులో ఉంది, దాని మీద సన్నటి ఆకుపచ్చ ఈనెలు వల గీసినట్టు ఉన్నాయి. టమాటాలో దానికి పూర్తిగా తిరగబడింది. చిగురు బాగుంది, కింది ఆకుల్లో ఈనెల మధ్య భాగం పసుపు. మిరపలో అసలు పసుపే లేదు, ఆకు ఆకారం చెడింది. ఇక కాయ అడుగున కుళ్లు వేరే కథ.

ముందు నిమ్మ సంగతి చెప్తాను, నేను ఎక్కువ నేర్చుకుంది దాని దగ్గరే.

చిగురు పసుపు, ఈనెలు పచ్చ అంటే ఇనుప ధాతు లోపం అని పుస్తకాల్లో ఉంటుంది. కానీ మా డ్రమ్ములో ఉన్నది ఎర్రమట్టి. ఆ ఎరుపంతా ఇనుమే. ఇనుములో కూర్చుని ఇనుము లేదని ఏడ్చే చెట్టు ఏమిటని అనుమానం వచ్చింది. ఆ అనుమానం నన్ను నీళ్ల దగ్గరకు తీసుకెళ్లింది. మేము మొక్కలకు పోసేది బోరు నీళ్లు. ఆ నీళ్లు పడిన ప్రతిచోటా తెల్లటి పొర ఉంది, కుండీల అంచున, పైపు చివర, బాత్రూమ్ గీజర్ లోపల. ఆ పొరను చాకుతో కాస్త గీకి దాని మీద రెండు చుక్కల వెనిగర్ వేశాను. బుసబుసమని నురగ వచ్చింది. అలా నురగ వస్తే అది కార్బొనేట్, అంటే సున్నం జాతి. ఏడాదిన్నరగా రోజూ కొంచెం కొంచెం సున్నం పోస్తున్నామన్నమాట.

తర్వాత నీటిలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరు, ఆమ్లమో క్షారమో రంగుతో చూపే పీహెచ్ పేపర్లు కొన్నాను (7 మధ్యస్థం, అంతకు పైన క్షారం). రెండూ కలిపి ఓ మంచి గులాబీ మొక్క ఖరీదు కూడా కాలేదు. బోరు నీటిలో మీటరు లీటరుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటి చూపించింది. కార్పొరేషన్ కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లు అందులో మూడో వంతు కూడా లేవు. తాగే నీటికి మన దేశపు ప్రమాణం 500 వరకూ మంచిదంటుంది, వేరే నీరు లేనిచోట 2000 వరకూ ఒప్పుకుంటుంది. అయితే టీడీఎస్ అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. అది ఉప్పులు ఎన్ని కరిగాయో చెబుతుంది గానీ ఏ ఉప్పులో చెప్పదు. నాకు అసలు విషయం చెప్పింది పీహెచ్ పేపరే. బోరు నీళ్లకు 8 దగ్గర రంగు చూపించింది. మట్టిని ఏసీ పైపులోంచి కారే నీళ్లలో కలిపి, తేరాక పేపర్ ముంచి చూస్తే అదీ అటూ ఇటూగా అంతే.

మట్టి పీహెచ్ 7.5 దాటితే ఇనుము ఉన్నా కరగదు, కరగనిదాన్ని వేరు పీల్చుకోలేదు. జింక్, మాంగనీస్ కూడా అదే దారి పడతాయి. అంటే మా నిమ్మకు కావలసినది డ్రమ్ములోనే ఉంది, దానికి తాళం పడింది. నర్సరీ అతను ఇచ్చిన బాటిల్ అప్పటికే లేబుల్ మీద రాసినట్టు మట్టిలో పోసి చూశాను, చిగురులో మార్పేమీ రాలేదు. దాని కారణమూ ఇక్కడే ఉంది. మామూలుగా దొరికే ఈడీటీఏ రకం ఇనుము పీహెచ్ 6.5 దాటిన మట్టిలో నిలవదు, సున్నం దాన్ని పట్టేస్తుంది. ఈడీడీహెచ్ఏ అని ఇంకో రకం ఉంది, అది క్షారపు మట్టిలో కూడా పనిచేస్తుంది. ఎర్రగా ఉంటుంది, ధర ఎక్కువ. లేబుల్ మీద ఈ రెండింటిలో ఏదో చూడకుండా 'ఐరన్' అన్న మాట చూసి కొనడం దండగ.

అయినా ఇనుమేనా, జింకా అన్న సందేహం మిగిలింది. నిమ్మజాతిలో జింక్ లోపం కూడా చిగురులోనే వస్తుంది, అక్కడా ఈనెల మధ్య పసుపే. తేడా ఏమిటంటే జింక్ తక్కువైతే ఆకులు చిన్నవిగా, సన్నగా అయిపోయి కొమ్మ చివర గుత్తిగా దగ్గరదగ్గరగా వస్తాయి, పసుపు కూడా మచ్చలు మచ్చలుగా ఉంటుంది. మా నిమ్మాకు సైజు బాగానే ఉంది. సరే, ఊహ ఎందుకు, ఆకునే అడుగుదామని ఒక పాత పద్ధతి పట్టుకున్నాను. లోపమనుకున్న ధాతువును కొద్దిగా నీళ్లలో కరిగించి ఒకటి రెండు ఆకులకు రాసి చూడటమే ఆ పద్ధతి.

ఎరువుల దుకాణంలో అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), జింక్ సల్ఫేట్ కొన్నాను. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకులుగా ఉండాలి. తుప్పు రంగుకు తిరిగిందంటే పాతబడిందని, తీసుకోకూడదు. లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేది, దానితో 1 గ్రాము నిమ్మ ఉప్పు వేశాను. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ యాసిడ్, కిరాణా కొట్లో దొరికేదే. అది వెయ్యకపోతే ద్రావణం కాసేపటికే గోధుమ రంగుకు తిరిగి అడుగున మడ్డి పడుతుంది, ఇక ఆకు లోపలికి వెళ్లదు. సాయంత్రం ఎండ తగ్గాక ఇయర్ బడ్ ముంచి కొన్ని పసుపు ఆకులకు సగం వైపు మాత్రమే రాశాను. వేరే కొమ్మ మీద జింక్ సల్ఫేట్ అలాగే సగం ఆకుకు. ఏ కొమ్మకు ఏది రాశానో మర్చిపోకుండా ఎర్ర దారం, తెల్ల దారం కట్టాను. మా అత్తగారు అది కూడా దిష్టి దారమే అనుకుని సంతోషించారు, నేనూ కాదనలేదు.

వారం పది రోజుల్లో ఎర్ర దారం కొమ్మ మీద తేడా కనిపించింది. ఇనుము రాసిన సగం పచ్చబడింది, రాయని సగం పసుపుగానే ఉంది. మధ్య ఈనె సరిహద్దు గీతలా ఉంది. తెల్ల దారం కొమ్మలో మార్పేమీ లేదు. ఏ ల్యాబ్ రిపోర్టు కన్నా నాకు ఆ ఆకే ఎక్కువ నమ్మకం ఇచ్చింది. ఇది కదలని ధాతువు అనడానికీ అదే సాక్ష్యం, ఆ సగం నుంచి ఈ సగానికి కూడా జరగలేదు.

తర్వాత చెట్టంతా అదే ద్రావణం పిచికారీ చేశాను, కొత్త చిగురు వచ్చినప్పుడల్లా మళ్లీ ఒకసారి. నేల మీద పడితే టైల్స్ మీద తుప్పు మరకలు పడతాయి, బట్టల మీద పడితే పోవు. పాత నైటీ వేసుకుని చెయ్యడం మంచిది. అయితే పిచికారీ తాత్కాలికమే. నీళ్లు మార్చకపోతే వచ్చే చిగురు మళ్లీ పసుపే. అందుకని నిమ్మకూ, కరివేపాకుకూ బోరు నీళ్లు ఆపేసి కుళాయి నీళ్లు మొదలుపెట్టాను. ఏసీ పైపు కింద బకెట్ పెట్టాను. ఏసీ నీటిలో మీటరు దాదాపు ఏమీ చూపించదు, వేసవిలో రోజుకో బకెట్ ఊరికే వస్తుంది. కుళాయి రాని రోజు బోరు నీటిలోనే చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి, పేపర్ ముంచి 6.5 దగ్గరకు వచ్చాక పోశాను. మా పక్క ఫ్లాట్ వాళ్లు నీళ్లు వృథా కాకూడదని ఆర్‌వో మెషీన్ వదిలేసే నీళ్లు మొక్కలకు పోస్తారు. ఉద్దేశం మంచిదే, కానీ తాగే నీటిలోంచి తీసేసిన ఉప్పులన్నీ చేరేది అందులోకే. వాళ్ల మందార ఆకుల చివర్లు కాలినట్టు ఎందుకున్నాయో మీటరు ముంచితే తెలిసింది. ఇప్పుడు ఆ నీళ్లతో మెట్లు కడుగుతున్నారు.

టమాటా విషయం త్వరగానే తేలింది. ముదురాకుల్లో ఈనెల మధ్య పసుపు అంటే మెగ్నీషియం. నత్రజని తక్కువైతే కింది ఆకు ఈనెలతో సహా మొత్తం ఒకే రకంగా పాలిపోతుంది. పొటాష్ తక్కువైతే అంచులు కాలినట్టు ఎండుతాయి. ఇక్కడ ఈనెలు పచ్చగానే ఉన్నాయి, అంచులు బాగానే ఉన్నాయి. కింది ఫ్లాట్ ఆంటీ ప్రేమగా ఇచ్చిన అరటి తొక్కల నీళ్లు, ఎవరో చెప్పిన కట్టెల బూడిద, రెండిట్లోనూ పొటాష్ బాగా ఉంటుంది. పొటాష్ మరీ ఎక్కువైతే వేరు మెగ్నీషియాన్ని తీసుకోనివ్వదు. సరిగా కడగని కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) కూడా పొటాష్, సోడియం దండిగా ఉంటాయి. పైగా బూడిద పీహెచ్‌ని ఇంకా పైకి లాగుతుంది, ఇప్పటికే సున్నం తాగుతున్న మట్టికి అది అస్సలు వద్దు. లీటరుకు 5 గ్రాముల ఎప్సం సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్, సాయంత్రం పూట పిచికారీ చేశాను. మచ్చలు పడిన ఆకులు పూర్తిగా కోలుకోలేదు, కోలుకుంటాయని ఎదురుచూడాల్సిన పని లేదు కూడా. పసుపు పై ఆకులకు ఎక్కడం ఆగిందా లేదా అన్నదే చూసుకోవాలి. ఆగింది.

మిరప దగ్గర మాత్రం నా ఫోటోలు, పేపర్లు ఏవీ పనికిరాలేదు. ఆ నారు ప్రత్తిపాడు దగ్గర మిరప వేసే మా బాబాయి తెచ్చి ఇచ్చింది. ఫోన్ చేసి, "బాబాయ్, ఆకు ముడుచుకుపోతోంది, కాల్షియం తక్కువైందేమో" అన్నాను. ఆయన నవ్వాడు. "అమ్మాయ్, ముందు పైముడతా, కిందముడతా అది చెప్పు" అన్నాడు.

గుంటూరు మిరప రైతుకు ఇది అక్షరాభ్యాసం. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడిస్తే పైముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి ముడిచి, కాడ పొడుగై, ఆకు తిరగేసిన పడవలా ఉంటే కిందముడత, నల్లి పని (మంచాల్లో ఉండే నల్లి కాదు, మొక్కల మీద ఉండే మైట్). ఆకులు చిన్నవై, పసుపు ఈనెలతో మొక్క మొత్తం గిడసబారితే అది బొబ్బర తెగులు, వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది, దానికి మందు లేదు, మొక్క పీకి పారేయడమే. 2021లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు జిల్లా మిరప తోటల్లో పూతలు ఎలా ఊడ్చేసిందో ఆయన కళ్లారా చూసినవాడు. "మీ మిద్దె మీద ఓ నాలుగు మొక్కలు, నీకు ఇంత కంగారు. అప్పుడు మా పరిస్థితి ఆలోచించు" అన్నాడు. నేనేం మాట్లాడలేదు.

ఆయన చెప్పినట్టు తెల్ల కాగితం పెట్టి దాని మీద కొమ్మ తట్టాను. తామర పురుగులైతే సన్నటి గీతల్లా పాకుతూ కనిపిస్తాయి. ఏమీ లేవు. మావి కిందికి ముడిచిన ఆకులు. నల్లి కంటికి ఆనదు, పదింతలు పెద్దగా చూపే భూతద్దం పెట్టి ఆకు అడుగున చూస్తే తేనె రంగు చుక్కలు కదిలాయి. వాటికి కాల్షియం బాటిల్ పోసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం, ఆకు అడుగు తడిసేలా కొట్టాను. ఎండ మండే రోజుల్లో గంధకం కొడితే ఆకు కాలిపోతుంది, కాబట్టి మబ్బు పట్టిన రోజు కోసం ఆగాను. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు కూడా కొట్టకూడదు. ముడిచిన ఆకులు తెరుచుకోలేదు, ఆ తర్వాత వచ్చిన ఆకులు మాత్రం చక్కగా విప్పారాయి.

టమాటా కాయ అడుగున నల్లటి కుళ్లుకు కాల్షియం లోపం అని ఎవరైనా చెబుతారు, అది నిజమే. కానీ మా నీళ్లలో కాల్షియం కరువా? కుండీ అంచుల మీద అదే కదా పేరుకుంది. కాల్షియం మొక్కలో నీటితో పాటే పైకి వెళుతుంది. ఆకులు నీటిని ఎక్కువ లాగుతాయి, కాయ తక్కువ లాగుతుంది. ఒక పూట మట్టి ఎండిపోయి ఇంకో పూట బురదైతే కాయ చివరకు అది చేరదు. పెయింట్ బకెట్ లాంటి చిన్న కుండీలో, బెజవాడ ఎండలో, మధ్యాహ్నానికి మట్టి పొడిబారడం మామూలే. కాల్షియం స్ప్రేలు ఏమీ కొనలేదు. మొక్కల మొదళ్ల చుట్టూ ఎండుటాకులు మందంగా పరిచి, నీళ్లు ఉదయం, సాయంత్రం కొంచెం కొంచెంగా పోసి, పైన సగం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టాను. అప్పటికే నల్లబడిన కాయలు కోసేశాను. తర్వాతి గుత్తులు శుభ్రంగా వచ్చాయి. నత్రజని ఎరువు మరీ ఎక్కువ వేసినా ఈ కుళ్లు పెరుగుతుంది, యూరియా సలహా పాటించనందుకు నాకేమీ విచారం లేదు.

వర్షాకాలంలో ఇంకో పసుపు చూశాను, అది వేరు. నాలుగు రోజులు ముసురు పట్టాక వంగ మొక్క మొత్తం పాలిపోయి వాలింది. అచ్చం నత్రజని లోపంలా ఉంది. కుండీ ఎత్తి చూస్తే రాయిలా బరువు. అడుగు రంధ్రాలకు మట్టి అడ్డుపడింది, వేళ్లకు గాలి లేదు. ఇనుప చువ్వతో రంధ్రాలు పొడిచాక కోలుకుంది. ఇప్పుడు ఎరువు డబ్బా ముట్టుకునే ముందు కుండీ ఎత్తి చూస్తాను. అదే వాన ఇంకో మేలూ చేస్తుంది. మంచి జడివానలో రంధ్రాలు తెరిచి ఉన్న కుండీల్లోంచి పేరుకున్న ఉప్పంతా కిందికి కడిగేసుకుపోతుంది. వానలకు ముందూ తర్వాతా కుండీ కింద కారిన నీటిలో మీటరు ముంచి చూస్తే అంకె సగానికి పైగా పడిపోయింది.

భూసార పరీక్ష చేయించవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన భూసార ఆరోగ్య కార్డులో పీహెచ్, ఉప్పుల స్థాయి, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్ మొత్తం 12 అంశాలు ఉంటాయి. ఎకరాల్లో వేసే రైతుకు అది తప్పనిసరిగా ఉపయోగమే, బాబాయి చేయిస్తాడు. కుండీలో మట్టి మాత్రం నా దృష్టిలో వేరే లెక్క. దాంట్లో సగం కోకోపీట్, వర్మీకంపోస్టు, ప్రతి కుండీదీ ఒక్కో జాతకం. నాకు పీహెచ్ పేపరు, మీటరు, భూతద్దం సరిపోయాయి.

ఒక్క కరివేపాకు సంగతే ఇంకా తేలలేదు. నీళ్లు మార్చాక నిమ్మ తేరుకుంది గానీ ఇది సగమే పచ్చబడింది. ఆకు పరిమాణం కూడా కొంచెం తగ్గినట్టు ఉంది, కాబట్టి ఈసారి జింక్ మీద నాకు అనుమానం. కానీ చలికాలంలో కరివేపాకు ఎదుగుదల మందగించడం మామూలే, ఇప్పుడు ఏది రాసినా జవాబు సరిగా తెలియదు. శివరాత్రి వెళ్లి కొత్త చిగురు వేశాక ఒక కొమ్మకు అన్నభేది, ఇంకో కొమ్మకు జింక్ రాస్తాను. దారాలు అత్తగారి దగ్గరే ఉన్నాయి.